అల్లుడుగారికి మంచినీళ్లు

ఫిబ్రవరి 9
ఇల్లు, వంటగది బల్ల దగ్గర

ఇవాళ అయిన పనులు: దుప్పట్లు ఉతికి ఆరేశాను. అలమరలో డబ్బాలన్నీ దించి, తుడిచి, మళ్లీ సర్దాను. పొయ్యి తోమాను. మీ అన్నయ్య చొక్కాకు ఊడిన గుండీ కుట్టాను. ఇంట్లో టైలరు లేనప్పుడు గుండీ ఎలా కూర్చుంటుందో అలాగే కూర్చుంది. ఇక మిగిలింది నీకు ఉత్తరం.

టైలరమ్మగారికి,

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని నువ్వు మొహం చిట్లిస్తావని తెలుసు. ఫోన్‌లో నువ్వు "బాగున్నాను వదినా" అని పెట్టేస్తావు. ఆ తర్వాత ఆ రెండు ముక్కలనూ అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ నేను కూర్చోవాలి. కాగితం మీద అలా కుదరదు, పేజీ నింపాలి. పేజీ పొడవునా అబద్ధం రాసే ఓపిక నీకు లేదని ఈ ఇంటికి వచ్చిన కొత్తలోనే కనిపెట్టాను. అందుకని ఇకనుంచి ఉత్తరాలే. ఫోన్ అవసరానికి మాత్రం.

ఆసుపత్రికి నడిచి వెళ్లేంత దూరంలోనే కొన్ని నెలలు ఉండాలన్నారు కాబట్టి నిన్ను ఆ గదిలో దింపి వచ్చామే గానీ, ఇక్కడ నాకు చేతులు ఆడటం లేదు. ఎనిమిదేళ్లు నీ డయాలసిస్ రోజుల చుట్టూనే ఇంటి పనులన్నీ అల్లుకున్నాను. మంగళవారం పొద్దున్నే చెప్పులు వేసుకుని గుమ్మం దాటి, ఎక్కడికి బయల్దేరానో గుర్తొచ్చి వెనక్కి తిరిగాను. మీ అన్నయ్య కాఫీ తాగుతూ చూసి, రివర్స్ బాగా వేశావన్నారు. డ్రైవింగ్ నేర్పేవాళ్లతో కాపురం ఇలాగే ఉంటుంది.

నీ కొత్త కిడ్నీకి ఆయన ఒక పేరు కూడా పెట్టారు. నలభై నాలుగేళ్లకు మా ఇంటి ఆడపిల్లకు సంబంధం కుదిరింది, పంది వంశమైతే మాత్రమేం, పెంపకం మంచిది, జన్యువులు కూడా సరిచేసి మరీ పంపారు, ఇక అల్లుడుగారు అనక ఏమనాలి అని కారు నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాళ్లకూ చెబుతున్నారట. వాళ్లు నవ్వుతూ గేరు మార్చడం మరిచిపోతున్నారట.

నవ్వులకేం గానీ, మనిషి కిడ్నీ నీకు సరిపడదని తేలిపోయాక దొరికిన దారి ఇదొక్కటే. ఈ అల్లుడుగారు నిలబడితే నువ్వు మళ్లీ ఆ డయాలసిస్ కుర్చీలో కూర్చోనక్కర్లేదు. కాబట్టి మాత్రలు వేళకు వేసుకో. జనంలోకి వెళ్తే మాస్క్ తియ్యకు. పొద్దున్నే బరువు చూసుకో, బీపీ చూసుకో.

నీళ్ల సంగతి చివరికి ఉంచాను. ఒంట్లో నీరు చేరకూడదని ఇన్నేళ్లూ నీ నీళ్లకు కాపలా కాసింది నేను. టానిక్కు గ్లాసుతో కొలిచి ఇచ్చాను, బిందె మీద మూత పెట్టి దాని మీద రోలు కూడా పెట్టాను, నువ్వు నన్ను జైలరని పిలిచావు. ఆ ఉద్యోగానికి ఇవాళ రాజీనామా ఇస్తున్నాను. నీళ్లు బాగా తాగమని డాక్టరమ్మ నా ముందే చెప్పింది. దాహం వేసినప్పుడల్లా తాగు. ఎవరినీ అడగకు, కొలవకు. ఇదే నా ఆఖరి ఆర్డరు.

నీ వదిన

•

ఫిబ్రవరి 17
ఆసుపత్రి ఎదుటి గది, మూడో అంతస్తు

మాజీ జైలరుగారికి,

రాజీనామా అందింది. ఆమోదించాను. బిందె మీద రోలు పెట్టిన సంగతి నువ్వే ఒప్పుకున్నావు కాబట్టి ఈ ఉత్తరం దాచుకుంటాను. మనవాళ్లెవరూ ఇన్నాళ్లూ నమ్మలేదు.

గది బాగుంది. కింద లాండ్రీ ఉండటం వల్ల నేల ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది, పొద్దున్నుంచీ ఇస్త్రీ వాసన. కిటికీలోంచి ఆసుపత్రి గేటు కనిపిస్తుంది. డ్యూటీ మారేటప్పుడు నర్సులు బయటికి వస్తుంటే వాళ్ల యూనిఫాంలు చూసి నా ప్రాణం ఉసూరుమంటోంది. ఒక్కదానికీ భుజం కుట్టు సరిగ్గా లేదు. నన్ను చూసుకునే పొడుగు నర్సుకు ఆ మాట చెప్పాను. మర్నాడే నాలుగు యూనిఫాంలు తెచ్చి బల్ల మీద పెట్టింది. డాక్టరమ్మ కూడా ఒప్పుకుంది, కూర్చుని చేసే పనే కదా, బట్టలు ఉతికినవైతే ఫరవాలేదని. కాబట్టి నేనిక్కడ రోగిని కాను, వ్యాపారస్తురాలిని.

అల్లుడుగారు కులాసా. ఆయన మర్యాదలు ఏమీ తక్కువ కావడం లేదు. వారానికి మూడుసార్లు పరీక్షకు రక్తం ఇచ్చి వస్తున్నాను, మాత్రలు వేళకు మింగుతున్నాను. ఆసుపత్రివాళ్లు కాగితాలు కట్టలు కట్టలుగా ఇచ్చారు. అన్నీ చదవాలంటే ఇంకో కిడ్నీ కావాలి. నీ ఆర్డరు మాత్రం అక్షరం తప్పకుండా పాటిస్తున్నాను. పక్కన గ్లాసు పెట్టుకుని, నాకు తాగాలనిపించినప్పుడు, నాకు నచ్చినంత తాగుతున్నాను. మొదటి రోజు గ్లాసు ఎత్తేముందు అలవాటుగా వెనక్కి తిరిగి చూశాను, నువ్వున్నావేమోనని.

అన్నయ్యకు చెప్పు, నా పెళ్లి సంగతి కారు నేర్చుకునేవాళ్లకు చెప్పవద్దని. బండి గోడకు గుద్దితే ఆ ఖర్చు కట్నం కింద రాస్తాను.

నీ ఆడపడుచు

•

మార్చి 1
ఇల్లు, వంటగది బల్ల దగ్గర

ఇవాళ్టి పనులు: కిటికీ అద్దాలు తుడిచాను. కుళాయి వాషరు మార్పించాను. నీ కుట్టుమిషన్ మీద దుమ్ము దులిపి దుప్పటి కప్పాను.

వ్యాపారస్తురాలికి,

నీ రెండో ఉత్తరం నిన్న వచ్చింది. అందులో ఇంకొంచెం వివరం కావలసిన సంగతులు కొన్ని కనిపించాయి.

నీ లంగా నడుము దగ్గర రెండు వేళ్లు బిగించి కుట్టుకున్నానని గొప్పగా రాశావు. కిడ్నీ పెట్టించుకున్నవాళ్లకు ఆ మందులకు ఆకలి పెరిగి ఒళ్లు వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. నువ్వేమో బిగిస్తున్నావు. బరువు ఎంతో అడిగితే "బరువైన ప్రశ్న" అని రాసి ఊరుకున్నావు. అది జవాబు కాదు.

ఇంకొకటి. ఆసుపత్రి నుంచి వస్తూ రెండో అంతస్తు మెట్ల మీద కాసేపు కూర్చున్నావట, అక్కడి గోడకు వేసిన ఆకుపచ్చ రంగు చాలా బాగుందట. ఇంట్లో ఇన్నేళ్లుగా వంటగదికి ఏ రంగు వేశామో నీకు తెలియదు. గోడ చూడటానికి కూర్చున్నావా, కూర్చోక తప్పక గోడ చూశావా, అది రాయి.

మీ అన్నయ్యకు ఈ మాట చెప్పలేదు. చెబితే ఆయన ఇప్పుడే బండి తీస్తారు. ఆయన నేర్పే వేగం వేరు, ఆయన నడిపే వేగం వేరు.

నీ వదిన

•

మార్చి 8
ఆసుపత్రి ఎదుటి గది

సీఐడీ వదినకు,

మెట్లు ఎక్కువ, నేను తక్కువ. అంతే సంగతి.

సరే, పేజీ నింపాలి కదా. లేచి నిలబడితే ఒక్కోసారి కళ్ల ముందు చీకట్లు వస్తున్నాయి. ఒక్క నిమిషం. మళ్లీ కూర్చుంటే సర్దుకుంటోంది. వంచిన మెడ ఎత్తకుండా కుడుతున్నాను కదా, దానివల్లే అనుకున్నాను. బీపీ కొంచెం తక్కువగా ఉందని పొడుగు నర్సు ఒకటికి రెండుసార్లు చూసింది. నీళ్లు తాగుతున్నావా అని అడిగింది. తాగుతున్నానన్నాను. నిజమే చెప్పాను.

బరువు తగ్గింది. ఎంతో రాయను. రాస్తే నువ్వు దాన్ని గ్యాస్ బండతోనో దేనితోనో పోల్చి చెబుతావు.

అన్నయ్యకు చెప్పవద్దు. నా మీద ఒట్టు.

నీ ఆడపడుచు

•

మార్చి 12
ఆసుపత్రి, వార్డులో

వదినా,

నన్ను నిన్న మళ్లీ చేర్చుకున్నారు. రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగిపోయింది. మంచి కిడ్నీ అయితే అది తగ్గాలి, నాది వారంలోనే రెట్టింపు దాకా వచ్చింది. ఒంట్లో నీరు తగ్గినా ఇలా అవుతుందట గానీ, నేను తాగుతున్నానంటున్నాను కాబట్టి శరీరం కిడ్నీని తిప్పికొడుతోందేమోనని డాక్టరమ్మ అనుమానం. రేపు సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. సోమవారం నుంచి పెద్ద మందు మొదలుపెట్టవచ్చునట. ఆ మందుతో ఒంట్లో ఉన్న కాస్త రోగనిరోధక శక్తి కూడా పోతుందని, దగ్గు తగిలినా ప్రమాదమేనని ముందే చెప్పింది. దానికీ లొంగకపోతే కిడ్నీ తీసేయాలి.

తీసేస్తే మళ్లీ ఆ కుర్చీ. నేను వెళ్లలేను వదినా. ఇంతకుముందు వెళ్లాను, ఎందుకంటే ఇలాంటి బతుకు ఒకటి ఉంటుందని తెలియదు. ఇప్పుడు నెల రోజులు మామూలు మనిషిలా పొద్దున్నే లేచి, కిటికీ తెరిచి, పని చేసుకున్నాను.

రాత్రంతా నేనేం తప్పు చేశానా అని వెతుక్కున్నాను. మాత్ర ఒక్కటి మానలేదు. మాస్క్ తియ్యలేదు. పొడుగు నర్సును తప్ప ఎవరినీ గదిలోకి రానివ్వలేదు. నీళ్లు కూడా నువ్వు చెప్పినట్టే, దాహం వేసినప్పుడల్లా తాగాను. నిజం చెప్పాలంటే నాకు దాహం పెద్దగా వేయదు. పొద్దున ఒక గ్లాసు, మధ్యాహ్నం ఒకటి, రాత్రి మాత్రలకు కొంచెం. అదే నాకు చాలనిపిస్తుంది. గంటగంటకూ ఇంత తాగమని వేళలు వేసి ఆసుపత్రివాళ్లు ఒక కాగితం ఇచ్చారు. చూడగానే ఒళ్లు మండింది. మళ్లీ కొలత, మళ్లీ గడియారం. కొలవకు అని నువ్వన్నావు కదా. దాన్ని మడిచి యూనిఫాంల కింద పెట్టేశాను.

అందులో నా తప్పేమీ లేదు కదా?

అన్నయ్యకు నువ్వే చెప్పు. నాకు నోరు రావడం లేదు.

•

మార్చి 14
ఇల్లు

ఇవాళ పనులేమీ కాలేదు.

అమ్మాయీ,

నీ ఉత్తరం పొద్దున పది గంటలకు వచ్చింది. నిలబడే చదివాను. రెండో పేజీ అయ్యేలోపే ఫోన్ దగ్గరికి వెళ్లాను. పొడుగు నర్సు తీసింది. నీ ఉత్తరంలో నీళ్ల గురించి రాసిన భాగం చదివి వినిపించాను. ఆమె వెంటనే ఫోన్ డాక్టరమ్మ చేతికి ఇచ్చింది. ఆమెకూ మళ్లీ చదివాను. డాక్టరమ్మ ఒక్కటే అడిగింది: "రోజుకు మూడు గ్లాసులేనా అమ్మా?" అవునన్నాను. బీపీ చూసి వాళ్లకూ ఆ అనుమానం వచ్చి నిన్న సాయంత్రమే ఒక సెలైన్ సీసా పెట్టారట. ఎన్నిసార్లు అడిగినా తాగుతున్నాననే చెప్పావట. ఇప్పుడు ఇంకా ఎక్కిస్తామని, ముక్క పరీక్ష ఫలితం వచ్చేదాకా పెద్ద మందు ఆపుతామని చెప్పింది.

ఆమె చెప్పింది నీకూ చెప్పాలి, ఎందుకంటే నువ్వు వినలేదు, నేను అడగలేదు. ఒంట్లో నీరు తగ్గితే శరీరం కిడ్నీకి కబురు పంపుతుందట, ఉన్న నీళ్లు పట్టి ఉంచమని. మన కిడ్నీకి ఆ భాష తెలుసు. నీ లోపల ఉన్నది వేరే జాతిది, దానికి మన కబుర్లు సరిగ్గా అందవు. ఒళ్లు ఎండిపోతున్నా అది నీళ్లు వదిలేస్తూనే ఉంటుంది. ఎండిపోయి ఎండిపోయి చివరికి అదే దెబ్బతింటుంది. అందుకే దాహంతో సంబంధం లేకుండా గడియారం చూసి తాగాలి. కొత్త అల్లుడు నోరు తెరిచి అడగడు, మనమే వేళకు అందించాలి అన్నమాట. ఈ మాట మాత్రం నాది, డాక్టరమ్మది కాదు.

నువ్వు అడిగావు, నా తప్పేమీ లేదు కదా అని. ఉంది. కానీ సగమే. దాహం వేసినప్పుడు తాగమన్నది నేను. నీకు దాహం వేయకుండా ఎనిమిదేళ్లు తర్ఫీదు ఇచ్చిందీ నేనే. నాలుక మీద మంచుముక్క పెట్టుకుని చప్పరించడం, నోరు ఎండితే పుక్కిలించి ఉమ్మేయడం, అడగకుండా ఉండటం, అన్నీ నేర్పాను. నువ్వు బాగా నేర్చుకున్నావు. నోరు కట్టేసిన మనిషికి అడిగితేనే పెడతానన్నట్టు అయింది నా ఆర్డరు. ఇన్నేళ్ల నా కొలతల్లో ఒకే ఒక్కరోజు లెక్క వదిలి ప్రేమగా మాట్లాడాను. అదే కొంప ముంచబోయింది.

నేను రావడం లేదు. మూడు రోజులుగా నాకు జలుబు. ఇలాంటప్పుడు నీ దగ్గరికి వస్తే నాకంటే బుద్ధి తక్కువ మనిషి ఉండదు. మీ అన్నయ్య బయల్దేరుతున్నారు. ఆయన ముక్కూ గొంతూ టార్చి వేసి చూసి పంపుతున్నాను. ఈ ఉత్తరం ఆయన చేతికే ఇస్తున్నాను. ఆ కాగితం యూనిఫాంల కిందనుంచి తీయించి ఆయనకు ఇవ్వు.

నిన్ను తిట్టాలని ఉంది. ఇప్పుడు తిట్టను. నీకు ఒక తిట్టు బాకీ ఉన్నానని మాత్రం గుర్తుంచుకో.

నీ వదిన

•

మార్చి 25
ఆసుపత్రి, వార్డులో

వదినకు,

ముందు అసలు సంగతి. క్రియాటినిన్ దిగింది. సెలైన్ ఎక్కుతున్న మొదటి రోజు కాస్తే దిగింది, తర్వాత రోజూ దిగుతూ వచ్చింది. ముక్క పరీక్షలో తిప్పికొట్టడం లేదని తేలింది. అల్లుడుగారికి మన మీద ఏ కోపమూ లేదు, దాహం వేసిందంతే. పెద్ద మందు ఇక వద్దన్నారు. ఎల్లుండి గదికి పంపుతారు.

ఇక అన్నయ్య సంగతి. ఈ మనిషిని నా దగ్గరికి పంపేముందు నన్ను ఒక్కమాట అడగాల్సింది. ఆ వేళల కాగితాన్ని మంచానికి ఎదురుగా గోడకు అంటించాడు. వేళ కాగానే కుర్చీలోంచి లేచి, గ్లాసు నా చేతిలో పెట్టి, పక్కన నిలబడి, కారు నేర్పే గొంతుతో మొదలుపెడతాడు. నెమ్మదిగా, కంగారు లేదు, ముందుకు చూడు, ఇప్పుడు మింగు, ఆగు, మళ్లీ మింగు. పక్క మంచం పెద్దావిడ నవ్వలేక పొట్ట పట్టుకుంటోంది. ఆమెకు కుట్లు ఇంకా మానలేదు. మొన్న నేను గ్లాసు సగంలో ఆపితే, నడిరోడ్డు మీద బండి ఆపినంత పని చేశావన్నాడు.

మొదటి రెండు రోజులు నీళ్లు గొంతు దిగలేదు. నిజంగా దిగలేదు వదినా. గ్లాసు చూస్తే ఏదో తప్పు చేస్తున్నట్టుండేది. పొడుగు నర్సుకు చెబితే డయాలసిస్‌లో ఏళ్లున్నవాళ్లు చాలామంది ఇలాగే అంటారని చెప్పింది. ఇప్పుడు అలవాటవుతోంది. రోజూ పొద్దున బరువు, కూర్చుని ఒకసారి నిలబడి ఒకసారి బీపీ, రోజంతా ఎంత తాగానో ఎంత పోయిందో, అన్నీ రాసి పంపాలి. బరువు ఒక్కరోజులో కేజీ తగ్గితే ఎవరినీ అడక్కుండా ఆసుపత్రికి ఫోన్ చేయాలి. ఎండ ఎక్కువైనా, విరేచనాలైనా, జ్వరం వచ్చినా ఇంకా జాగ్రత్తగా ఉండాలి. చెప్పీ చెప్పీ డాక్టరమ్మ గొంతు బొంగురుపోయింది. నేను ఈసారి విన్నాను. మధ్యలో ప్రశ్నలు కూడా అడిగాను.

నువ్వు సగం తప్పు నీదని రాశావు. ఆ ఉత్తరం అన్నయ్య చదివి వినిపించాడు, మధ్యలో మూడుసార్లు కిటికీ దగ్గరికి వెళ్లాడు. సగం అక్కర్లేదు. నాకు ఆ కాగితం చదవడం వచ్చు. కళ్లు తిరిగితే చెప్పడం కూడా వచ్చు. చెబితే మళ్లీ లోపలికి లాక్కుపోతారని భయపడి చెప్పలేదు. చివరికి నన్ను లాక్కుపోయింది ఆ భయమే.

ఇప్పుడొక ఫిర్యాదు. ఇన్ని రోజులు గడిచాయి, నువ్వు రెండుసార్లు ఫోన్ చేశావు, రెండుసార్లూ ఎంతో తీయగా మాట్లాడావు. పడుకో తల్లీ అన్నావు. తల్లీ అన్నావు వదినా. ఈ ఇంట్లో నన్నెవరూ అలా పిలవరు, నేను పోతానని అనుకుంటే తప్ప. డాక్టరమ్మ బాగుందంటోంది, అంకెలు బాగున్నాయంటున్నాయి, అన్నయ్య రాత్రి గురక పెట్టి నిద్రపోతున్నాడు. అయినా నువ్వు తిట్టేదాకా నాకు నమ్మకం కుదరదు. నా తిట్టు నాకు పంపు.

నీ ఆడపడుచు

•

ఏప్రిల్ 2
ఇల్లు, వంటగది బల్ల దగ్గర

ఇవాళ అయిన పనులు: జలుబు పూర్తిగా పోయింది, నా దుప్పటీ దిండు గలీబులూ వేడినీళ్లలో నానబెట్టి ఉతికాను. మీ అన్నయ్య తెచ్చిన సంచీ విప్పి సర్దాను. డాక్టరమ్మకు ఫోన్ చేసి నీ ఈ వారం అంకెలన్నీ అడిగి తెలుసుకున్నాను. నువ్వు ఫోన్‌లో చెప్పినవే ఆమె కూడా చెప్పింది. రెండుసార్లు అడిగాను. మూడోసారి అడిగితే, మీ మరదలు నిజంగానే బాగుందమ్మా అంది.

కాబట్టి ఇదిగో.

బుద్ధిలేనిదానా, ఒక వేలు తేడా వస్తే కుట్టంతా విప్పి మళ్లీ కుట్టే మనిషివి నువ్వు. పరాయివాళ్ల చొక్కాకు ఉన్న విలువ నీ ప్రాణానికి లేదా? కొలతల కాగితం ఇస్తే బట్టల కింద తోస్తావా? నీ దగ్గర కుట్టు నేర్చుకోవడానికి వచ్చినవాళ్లెవరైనా అలా చేస్తే ఊరుకుంటావా? కళ్లు చీకట్లు కమ్ముతుంటే మెట్ల మీద కూర్చుని నాకు గోడల అందం వర్ణిస్తావా? లంగా వదులైతే గుండె గుభేలుమనాలి గానీ, సూది దారం తీస్తావా? నీ నోట్లో నాలుక లేదా? నిన్ను పెంచినవాళ్లు నీకు అబద్ధం సరిగ్గా చెప్పడమన్నా నేర్పలేదు, నిజం చెప్పడమన్నా నేర్పలేదు. మీ అన్నయ్య రానూ పోనూ దారి పొడవునా ఒక్క బండిని కూడా దాటలేదట, అది నీకు చెప్పలేదు కదూ? ముక్క పరీక్ష ఫలితం వచ్చేదాకా నేను పొయ్యి మీద పెట్టినవన్నీ మాడ్చాను. పొయ్యి మీద మాడ్చే మనిషినా నేను? ఇంకొక్కసారి "మెట్లు ఎక్కువ, నేను తక్కువ" లాంటి కవిత్వం రాశావంటే, జలుబున్నా జ్వరమున్నా మాస్కు మీద మాస్కు వేసుకుని వచ్చి, ఆ లాండ్రీవాళ్ల ఇస్త్రీ బల్ల మీద నిన్ను పరిచి మడతపెడతాను. నీళ్లు తాగు. తాగి చావకుండా ఉండు.

ఇంత రాసి మీ అన్నయ్యకు చూపించాను. రెండుసార్లు చదివి, ఇంకా గట్టిగా ఉండాలి, మధ్యలో ఎక్కడో మెత్తబడ్డావని అన్నారు. ఎక్కడో చూపించమంటే చూపించలేకపోయారు. నేనూ వెతికాను, నాకూ కనిపించలేదు. అలాగే పంపుతున్నాను.

అందగానే ఒక గ్లాసు తాగి, అందిందని రాయి.

తిట్టు బాకీ ఇవాళ్టితో చెల్లు.

నీ వదిన